వాచ్ లెక్క నమ్మి నాయన సంగటి తగ్గించాను: స్మార్ట్‌వాచ్ కేలరీలు ఎక్కడ తప్పుతాయి?

పోయినేడు ఆన్‌లైన్ సేల్‌లో ఒకే మోడల్ స్మార్ట్‌వాచ్‌లు రెండు కొన్నాను. ఒక్కోటి మూడు వేల లోపే. ఒకటి నాకు, ఇంకొకటి నాయనకు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకడంతో హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి మా ఊరు మహానందికి వచ్చేశాను. నాయనకు అరటి తోట ఉంది. పొద్దున ఆరుకు తోటలోకి పోతే మధ్యాహ్నం తిండికే ఇంటికి వస్తాడు.

రెండు నెలలు ఇద్దరం ఆ వాచ్‌లు పెట్టుకున్నాం. హార్ట్ రేట్, నిద్ర, స్టెప్స్ గురించి పెద్దగా కంప్లయింట్ లేదు. కానీ "ఈ రోజు మీరు ఖర్చు చేసిన కేలరీలు" అని చూపించే ఒక్క నంబర్ నమ్మి రెండు తప్పులు చేశాను. ఒక తప్పు వల్ల నా పొట్ట తగ్గలేదు. రెండో తప్పు వల్ల నాయన తోటలో కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. ఈ ఆర్టికల్ రాయడానికి కారణం ఆ రెండోది.

రెండు తప్పులు

ముందు నా సంగతి. వయసు 27, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. రోజంతా కుర్చీలోనే. సాయంత్రం ఒక అరగంట నడక. వాచ్ యావరేజ్‌న రోజుకు 2,750 కేలరీలు ఖర్చవుతున్నాయని చూపించింది. సరే, 450 తగ్గించి 2,300 తింటే నెలకు ఒకటిన్నర కిలో పైన తగ్గాలి కదా అని లెక్కేసుకున్నాను. ఆరు వారాలు కిచెన్ స్కేల్ మీద తూకం వేసుకుని తిన్నాను. బరువు 78 నుంచి కదల్లేదు. మొదట వెయింగ్ మెషీన్ పాడైందనుకుని బ్యాటరీ మార్చాను. మళ్లీ 78.

ఇక నాయన. వయసు 56, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. ఆ మధ్య రక్త పరీక్షలో షుగర్ బార్డర్ మీద ఉందని వచ్చింది. నేను వెంటనే ల్యాప్‌టాప్ తెరిచాను. వాచ్ ప్రకారం నాయన రోజుకు ఖర్చు చేసేది 1,780. అమ్మను అడిగి లెక్కేస్తే తినేది సుమారు 2,400. "చూడు నాయనా, దినానికి 600 ఎక్కువ తింటున్నావు, అందుకే షుగర్ వచ్చింది" అని తేల్చేశాను. పూటకు రెండు సంగటి ముద్దలు తినే మనిషికి ఒకటి చేశాను. రాత్రి అన్నం సగం చేశాను. మొత్తం 1,700కి తెచ్చాను.

"పని చేసేటోనికి ఇంత తిండి యాడ సాలుతాదిరా?" అన్నాడు నాయన. నేను ఫోన్‌లో గ్రాఫ్ చూపించాను. చదువుకున్న కొడుకు చెప్తున్నాడు కదా అని ఊరుకున్నాడు.

ఐదు వారాలకు 58 కిలోలు 55 అయింది. ఒక రోజు గెలలు మోస్తూ గట్టు మీద కూలబడ్డాడు. పక్క తోట వాళ్లు నీళ్లు తాపి ఇంటికి తీసుకొచ్చారు. నంద్యాలలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన రిపోర్టులు చూసి నా వైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న: "ఇంత సన్నగా ఉన్న మనిషికి, ఇంత కష్టం చేసే మనిషికి బరువు తగ్గమని ఎవరు చెప్పారు?" వాచ్ చెప్పిందని ఎట్లా చెప్పాలి?

అసలు వాచ్ దేన్ని కొలుస్తుంది?

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని, వాచ్‌ని ఒక రోజంతా బల్ల మీద పెట్టేయడం. చేతికి పెట్టుకోలేదు. అర్ధరాత్రి యాప్ తెరిచి చూస్తే నేను 1,760 కేలరీలు ఖర్చు చేసినట్టు చూపించింది! మీ దగ్గర కూడా మొత్తం కేలరీలు చూపించే వాచ్ ఉంటే ఈ టెస్ట్ చేసి చూడండి. చాలా మోడల్స్‌లో ఇట్లాగే వస్తుంది.

ఇది బగ్ కాదు. మనం కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కిడ్నీలు పని చేస్తూనే ఉంటాయి. ఆ ఖర్చే బీఎంఆర్, అంటే బేసల్ మెటబాలిక్ రేట్. కుర్చీలో పని చేసేవాళ్లకు రోజు మొత్తం ఖర్చులో సగానికి పైగా ఇదే. వాచ్ దీన్ని కొలవదు. సెటప్ చేసేటప్పుడు మీరిచ్చిన వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అనే వివరాలను ఒక ఫార్ములాలో వేసి, వచ్చిన నంబర్‌ని 24 గంటలకు పంచి, నిమిషానికి ఇంత అని కలుపుతూ పోతుంది. ఈ పనికి సెన్సర్ అక్కర్లేదు.

సెన్సర్లు పని చేసేది మిగిలిన భాగానికి. వెనక వెలిగే పచ్చ లైట్ రక్త ప్రవాహంలో మార్పును చూసి గుండె వేగం అంచనా వేస్తుంది. యాక్సెలరోమీటర్ చేతి కదలిక చూస్తుంది. ఈ రెండింటి నుంచి "ఇంత శ్రమ జరిగి ఉంటుంది" అని అల్గారిథమ్ ఊహిస్తుంది. అంటే మీరు చూసే నంబర్ ఒక అంచనా మీద కట్టిన ఇంకొక అంచనా.

నిజంగా కొలవాలంటే మనిషి పీల్చే ఆక్సిజన్, వదిలే కార్బన్ డయాక్సైడ్ కొలవాలి. తల మీద పారదర్శకమైన గుమ్మటం లాంటిది పెట్టి, పరగడుపున, కదలకుండా పడుకోబెట్టి చేస్తారు. రోజువారీ జీవితంలో మొత్తం ఖర్చు కొలవడానికి డబ్లీ లేబుల్డ్ వాటర్ అనే పద్ధతి ఉంది. ప్రత్యేకమైన ఐసోటోపులున్న నీళ్లు తాపి, ఒకటి రెండు వారాలు మూత్రం శాంపిల్స్‌లో అవి ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూస్తారు. ఈ రెండూ మూడు వేల వాచ్‌లో పట్టవు, ముప్పై వేల వాచ్‌లోనూ పట్టవు.

ధర పెరిగితే కచ్చితత్వం పెరుగుతుందా? 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు యాపిల్ వాచ్, ఫిట్‌బిట్ సర్జ్, శాంసంగ్ గేర్ ఎస్2 సహా ఏడు పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో బాగా చేశాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా చెడ్డది 93 శాతం తప్పింది. అవి పాత మోడల్స్, ఇప్పుడు సెన్సర్లు మెరుగయ్యాయి. కానీ ఖర్చయిన కేలరీలను నేరుగా కొలిచే సెన్సర్ మాత్రం ఇప్పటికీ మణికట్టు మీదకు రాలేదు.

ఫార్ములాలు ఎవరి ఒంటి మీద తయారయ్యాయి?

బాగా పాతది హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు అమెరికన్లు 1919లో ప్రచురించింది. ఇప్పుడు యాప్‌లలో ఎక్కువగా కనిపించేది 1990 నాటి మిఫ్లిన్-సెయింట్ జియోర్. లెక్క తేలిక:

మగవాళ్లకు: 10 × బరువు (కిలోలు) + 6.25 × ఎత్తు (సెం.మీ.) − 5 × వయసు + 5
ఆడవాళ్లకు: అదే లెక్క, చివర +5 బదులు −161

ఇవి రెండూ అమెరికాలోని మనుషులను కొలిచి చేసినవి. మన దగ్గర ఈ పని చూసేది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి వ్యాధి మీద చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయుల బీఎంఆర్ అంతర్జాతీయ ఫార్ములాలు చెప్పేదానికన్నా తక్కువగా ఉంటోందని గమనించి, ఐసీఎంఆర్ 2010 సిఫార్సుల్లో ఆ ఫార్ములాను 5 శాతం తగ్గించి వాడారు. 18 నుంచి 30 ఏళ్ల మగవాళ్లకు అది ఇట్లా వస్తుంది: 14.5 × బరువు + 645.

నా వివరాలు నాలుగింటిలో వేసి చూశాను.

• మిఫ్లిన్-సెయింట్ జియోర్: 1,725
• ఐసీఎంఆర్ 2010: 1,776
• హారిస్-బెనెడిక్ట్: 1,817
• ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985: 1,872

ఒకే మనిషి, ఒకే రోజు, 147 కేలరీల తేడా. ఇందులో ఏ ఫార్ములా తప్పు కాదు. అన్నీ సగటు మనిషికి రాసినవి. ఒకే వయసు, ఒకే ఎత్తు, ఒకే బరువున్న ఇద్దరిలో కండ ఎక్కువున్నవాడికి బీఎంఆర్ ఎక్కువ ఉంటుంది. ఫార్ములాకు కండ, కొవ్వు తేడా తెలీదు.

ఇంకో మాట. "ముప్పై దాటితే మెటబాలిజం పడిపోతుంది" అని జిమ్‌లో అందరూ అంటారు కదా. 2021లో సైన్స్ పత్రికలో 6,400 మందికి పైగా డేటాతో వచ్చిన పరిశోధన ప్రకారం, శరీర పరిమాణం లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా అది దాదాపు నిలకడగానే ఉంటుంది. ముప్పైలో తగ్గేది మన కదలిక.

అసలు దెబ్బ గుణకం దగ్గర

ఫార్ములాల మధ్య తేడా 147 దగ్గర ఆగింది. తర్వాతి మెట్టు ఇంకా పెద్దది. బీఎంఆర్‌ను మీ పనిని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ 2020 లెక్కల్లో కూర్చుని చేసే పనికి 1.4, మధ్యస్థమైన శ్రమకు 1.8, బాగా కష్టమైన పనికి 2.3. అందుకే 65 కిలోల మగవాడికి వాళ్లు చెప్పే అవసరం వరుసగా 2,110, 2,710, 3,470 కేలరీలు. 55 కిలోల స్త్రీకి 1,660, 2,130, 2,720.

గమనించండి, అదే 65 కిలోల మనిషి. చేసే పని మారితే 1,360 కేలరీల తేడా. ఏ ఫార్ములా మంచిది అని గంటలు గంటలు వాదించుకోవడం కన్నా ఈ గుణకం సరిగ్గా పడటం ముఖ్యం. వాచ్ తప్పింది ఇక్కడే, అదీ రెండు వైపులా.

నా విషయంలో ఎక్కువ చూపించింది. డెడ్‌లైన్ టెన్షన్‌లో, మూడో కాఫీ తర్వాత, మే నెల ఉక్కలో నా గుండె వేగం పెరుగుతుంది. నేను కుర్చీలోంచి లేవను. అయినా యాప్‌లో ఆ గంటల్లో కేలరీల గ్రాఫ్ పైకి లేచింది.

నాయన విషయంలో తక్కువ చూపించింది. రెండు చేతులతో గెల పట్టుకుని భుజం మీద మోస్తే చేయి ఊగదు, స్టెప్ పడదు. ముప్పై కిలోలు మోశాడో, చేతులు కట్టుకుని నిలబడ్డాడో యాక్సెలరోమీటర్‌కు తేడా తెలీదు. దానికి తోడు స్ట్రాప్ వదులుగా కట్టుకుంటాడు. మడవ కట్టేటప్పుడు బురద అంటుతుందని తీసి జేబులో వేసుకుంటాడు. అంటే బాగా కష్టపడిన గంటలన్నీ వాచ్ జేబులోనే గడిపింది. ఆ సంగతి నేను అడగలేదు. గ్రాఫ్ మాత్రమే చూశాను.

కోనేరు లెక్క

మహానందికి ఎప్పుడైనా వచ్చి ఉంటే గుడిలో కోనేరు చూసే ఉంటారు. ఊట నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, అడుగున పడిన నాణెం కూడా కనిపించేంత తేటగా. అయినా కోనేరు పొంగదు, ఎండదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోయి చుట్టుపక్కల పొలాలకు పారతాయి. ఎన్ని లీటర్లు వస్తున్నాయో మీటర్ పెట్టి కొలవక్కర్లేదు. మట్టం మారడం లేదంటే లోపలికి వచ్చేది, బయటికి పోయేది సమానం అన్నట్టే.

ఒంటికీ అదే లెక్క. నాయన మండీకి గెలలు వేసినప్పుడల్లా సరదాగా కాటా మీద నిలబడి చూసుకుంటాడు. ఏళ్ల తరబడి 58. అంటే ఆయన తినే 2,400 ఆయనకు సరిగ్గా సరిపోతోంది. ఆ కాటా వాచ్ కన్నా మంచి కేలరీ మీటర్. నాకు డేటా కళ్ల ముందే ఉంది, కానీ అది యాప్‌లో లేదు కాబట్టి డేటా అనిపించలేదు.

తర్వాత కూర్చుని లెక్క సరిచూశాను. ఒంట్లో ఒక కిలో తగ్గడానికి సుమారు 7,700 కేలరీల లోటు అని సాధారణంగా వేసుకుంటారు. నాయన 35 రోజుల్లో 3 కిలోలు తగ్గాడు. 3 × 7,700 ÷ 35 = రోజుకు 660. ఆయన తిన్న 1,700కు ఇది కలిపితే 2,360. ఇప్పుడు మిఫ్లిన్ ఫార్ములాలో నాయన బీఎంఆర్ 1,336. దాన్ని 1.8తో హెచ్చిస్తే 2,405. అమ్మ లెక్క 2,400. ఫార్ములా, కాటా, అమ్మ ఒక మాట మీద ఉన్నారు. వాచ్ ఒక్కటే 1,780 అంది. నేను దాన్ని నమ్మాను.

నాది ఇంకా సులభం. ఆరు వారాలు 2,300 తిన్నాను, మట్టం మారలేదు. కాబట్టి నా అవసరం 2,300. అంటే గుణకం 1.33. కూర్చునే పనికి చెప్పే 1.4 కన్నా కొంచెం తక్కువే. చేదుగా ఉన్నా నిజం.

మీ నంబర్ మీరే కనుక్కోండి

కోడ్‌లో ఇనీషియల్ వాల్యూ ఇచ్చి, అవుట్‌పుట్ చూసి ట్యూన్ చేస్తాం కదా. ఇదీ అంతే.

1. మిఫ్లిన్ ఫార్ములాతో బీఎంఆర్ వేయండి. డెస్క్ ఉద్యోగమైతే 1.4తో హెచ్చించండి. వారానికి మూడు రోజులు జిమ్‌కి పోయినంత మాత్రాన 1.8 పెట్టుకోకండి. మిగతా రోజంతా కుర్చీలోనే ఉన్నాం.

2. మూడు వారాలు అలవాటు ప్రకారమే తినండి, రాసుకోండి. ఇక్కడ పెద్ద చిక్కు, యాప్‌లలో "రాగి సంగటి ఒక ముద్ద" అని ఉంటుంది. మా అమ్మ చేసే ముద్ద వేరు, మీ ఇంట్లో ముద్ద వేరు. అందుకే వండక ముందు పిండి, బియ్యం తూకం వేయండి. నీళ్లకు కేలరీలు లేవు. రాగి పిండి 100 గ్రాములకు సుమారు 320, బియ్యానికి 355, శెనక్కాయ విత్తనాలకు 520. ఎన్ఐఎన్ 2017లో 528 ఆహార పదార్థాల విలువలతో పట్టికల పుస్తకం వేసింది. మన పదార్థాలకు అదే నమ్మదగినది. పోపులో, బజ్జీల్లో నూనె మర్చిపోకండి, గ్రాముకు 9. నేను ఉగ్గాని బజ్జీ తిన్న రోజుల్లో లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

3. రోజూ పొద్దున లేచి, టాయిలెట్‌కి పోయొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. ఒక రోజు నంబర్ పట్టించుకోవద్దు. ఉప్పు, నీళ్ల వల్లే కిలో అటూ ఇటూ అవుతుంది. వారం సగటు చూడండి. మొదటి వారం సగటు, మూడో వారం సగటు పక్కపక్కన పెట్టండి. ఈ రెండు సగటుల మధ్య దూరం 14 రోజులు.

4. తిన్న కేలరీల రోజువారీ సగటు తీసుకోండి. బరువు తగ్గితే, తగ్గిన కిలోలు × 7,700 ÷ 14 దానికి కలపండి. పెరిగితే అంతే తీసేయండి. వచ్చేదే మీ అసలు అవసరం.

7,700 కూడా ఉజ్జాయింపే. డైట్ మొదటి వారంలో పోయేది చాలావరకు నీళ్లు. ఎక్కువ రోజులు తక్కువ తింటే ఒళ్లు ఖర్చు కూడా కొంత తగ్గించుకుంటుంది. కాబట్టి రెండు నెలలకోసారి మళ్లీ లెక్క చూసుకోవాలి. బరువు తగ్గాలనుకుంటే ఆ నంబర్ నుంచి 300 తగ్గించి మొదలుపెట్టండి. నేను 2,000కి వచ్చి ఎనిమిది వారాల్లో 2 కిలోలు తగ్గాను. ఇన్‌స్టాలో పెట్టుకునేంత మార్పు కాదు, కానీ లెక్క ప్రకారమే వచ్చింది.

షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు, గర్భిణులు, ఇంకా ఎదిగే వయసు పిల్లలు ఈ లెక్క సొంతంగా చేసుకోవద్దు. నాయన షుగర్‌కు డాక్టర్ తిండి మొత్తం తగ్గించమనలేదు. తెల్లన్నం కొంత తీసి ఆ చోట జొన్నరొట్టె, పప్పు, కూరగాయలు పెట్టమన్నారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించమన్నారు.

మరి వాచ్ కొనాలా, వద్దా?

కొనండి. కానీ దేనికి కొంటున్నారో తెలిసి కొనండి. గుండె వేగం, నిద్ర సమయం, నిన్నటికన్నా ఈ రోజు ఎక్కువ నడిచానా తక్కువ నడిచానా అని చూసుకోవడం, వీటికి పనికొస్తుంది. "ఇంత ఖర్చయింది కాబట్టి ఇంత తినొచ్చు" అనే లెక్కకు పనికిరాదు. ప్రొఫైల్‌లో బరువు నెలకోసారి అప్‌డేట్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు కొనిస్తే వాళ్ల వివరాలే పెట్టండి. ముఖ్యంగా, ఏ పని చేసేటప్పుడు తీసేస్తున్నారో అడగండి.

నాయన మళ్లీ రెండు ముద్దలకు వచ్చాడు. రెండు నెలల్లో 57.5 అయ్యాడు. వాచ్ ఇప్పటికీ పెట్టుకుంటాడు, టైమ్ చూసుకోవడానికి. మొన్న మండీ నుంచి ఫోన్ చేసి "కాటా ఎక్కినా రా, యాభై ఏడున్నర సూపిస్తాంది. నీ కంప్యూటర్లో రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.